పాడి పశువులలో అవయవ పరిమాణాల కొలత: ప్రతిబింబ పద్ధతులు, వాటి పరిమితులు

సారాంశం

పశువుల శరీరంలోని అవయవాల పరిమాణాన్ని కోత లేకుండా తెలుసుకొనేందుకు అల్ట్రాసౌండ్, ఎక్స్-రే, సి.టి., ఎం.ఆర్.ఐ. పద్ధతులు ఉపయోగపడుతున్నాయి. వీటిలో పల్లెలోని పాడి పశువు వరకు చేరగలిగినది ప్రధానంగా అల్ట్రాసౌండ్ ఒక్కటే. గేదె అండాశయాన్ని ముఖ్య ఉదాహరణగా తీసుకొని, ఒక్కొక్క పద్ధతిలో కొలత ఎట్లా ఏర్పడుతుంది, దోషం ఎక్కడ ప్రవేశిస్తుంది, ఒక పద్ధతి ఇచ్చిన అంకెను మరొక పద్ధతి అంకెతో ఎంతవరకు పోల్చవచ్చు అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

ముఖ్య పదాలు: అండాశయం, కార్పస్ లూటియం, అండపుటిక, అల్ట్రాసౌండ్, ఘనపరిమాణం, కొలత దోషం

ఉపోద్ఘాతం

ఈని మూడు నెలలు దాటినా ఎదకు రాని గేదెను రైతు పశువైద్యశాలకు తోలుకొని వచ్చినప్పుడు వైద్యుని ముందు మూడు అవకాశాలు ఉంటాయి. మొదటిది, అండాశయం ఇంకా పనిచేయడం ప్రారంభించకపోవడం. రెండవది, అండాశయం పనిచేస్తున్నా, అండం విడుదలైన చోట కార్పస్ లూటియం ఏర్పడుతున్నా, ఎద లక్షణాలు పైకి కనిపించకపోవడం. దీనినే మూగ ఎద అంటారు. మూడవది, రైతుకు తెలియకుండానే దున్నపోతు దాటి గేదె చూడి కట్టి ఉండడం. మొదటి స్థితిలో ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ ఇస్తే కరిగించవలసిన కార్పస్ లూటియం లేనందున మందు వృథా అవుతుంది. రెండవ స్థితిలో అదే మందు కొద్ది రోజులలో గేదెను ఎదకు తెస్తుంది. మూడవ స్థితిలో అదే మందు గర్భాన్ని పోగొడుతుంది.

ఈ మూడు స్థితులను వేరుచేసే ఆధారం అండాశయంలో, గర్భాశయంలో ఉన్న కొన్ని మిల్లీమీటర్ల తేడా మాత్రమే. కనుక కొలత అనేది పరిశోధన పత్రంలో పట్టిక నింపడానికి పనికివచ్చే అంకె మాత్రమే కాదు. తప్పిన ప్రతి ఎదతో రైతు సుమారు 21 రోజుల మేత, దాణా, శ్రమ నష్టపోతాడు; తప్పు ఇంజెక్షన్‌తో పోయిన దూడకు వెల కట్టడం మరింత కష్టం.

చేతి పరీక్ష

పురీషనాళం ద్వారా చేతితో తాకి అండాశయాన్ని పరీక్షించడం నేటికీ క్షేత్రస్థాయిలో మొదటి పద్ధతి. ఖర్చు లేదు, పరికరం లేదు, ఫలితం వెంటనే తెలుస్తుంది. అనుభవం గల వైద్యుడు ఆవులో కార్పస్ లూటియాన్ని చాలావరకు సరిగానే గుర్తించగలడు. ఆవులో అది అండాశయం ఉపరితలం నుండి బొడిపె వలె పైకి పొడుచుకొని వస్తుంది కనుక వేలికి అందుతుంది.

గేదెలో పరిస్థితి వేరు. గేదె అండాశయం ఆవు అండాశయం కన్నా చిన్నది. కార్పస్ లూటియం కూడా చిన్నదిగా ఉండి, చాలా సందర్భాలలో అండాశయ కణజాలంలోనే కూరుకొని ఉంటుంది. ఉపరితలంపై బొడిపె స్పష్టంగా ఏర్పడదు. దాని రంగు కూడా ఆవులో వలె పసుపు కాదు, గులాబీ నుండి బూడిద వర్ణంలో ఉంటుంది. కెరోటిన్‌ను నిల్వ ఉంచుకోని స్వభావం వల్ల గేదె పాలు తెల్లగా ఉన్నట్లే ఇదీ. రంగు తేడా వేలికి తెలియదు గాని, కబేళా నుండి తెచ్చిన అండాశయాలను కోసి చూసే విద్యార్థిని మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. పాఠ్యపుస్తకంలోని ఆవు చిత్రాన్ని మనసులో ఉంచుకొని పసుపు గడ్డ కోసం వెదికినవారు గేదెలో దానిని లేదని రాసే ప్రమాదం ఉన్నది.

ఇందువల్ల చేతి పరీక్షలో నున్నగా తగిలిన గేదె అండాశయాలన్నీ నిద్రాణ స్థితిలో ఉన్నవేనని నిర్ధారించడం సరికాదు. వాటిలో కొన్ని మూగ ఎద కేసులై ఉంటాయి. అంతేకాక చేతి పరీక్ష ఇచ్చేది అంచనాయే గాని కొలత కాదు. బఠాణీ గింజ అంత, ఉసిరికాయ అంత అని కేసు పత్రంలో రాసిన వర్ణన వైద్యుడి నుండి వైద్యుడికి మారుతుంది; మరుసటి వారం వచ్చిన మరొక వైద్యుడు దానితో పోల్చి చెప్పగలిగింది ఏమీ ఉండదు.

అల్ట్రాసౌండ్: కొలత ఎట్లా ఏర్పడుతుంది

పెద్ద పశువుల పునరుత్పత్తి అవయవాలను అల్ట్రాసౌండ్‌తో చూడడం 1980లో పామర్, డ్రియాంకూర్ ఆడ గుర్రాలపై ప్రచురించిన పనితో వెలుగులోకి వచ్చింది. 1984లో పియర్సన్, గింథర్ ఆవు అండాశయాన్ని ఈ పద్ధతిలో వివరించారు. ఆ తరువాతనే ఒకే పశువులో ఒకే అండపుటిక రోజు రోజుకు ఎట్లా పెరుగుతుందో, ఎట్లా క్షీణిస్తుందో అనుసరించి చూడడం సాధ్యమైంది. అండపుటికలు తరంగాలుగా పెరుగుతాయని, ఆవులో ఒక ఎద చక్రంలో సాధారణంగా రెండు లేక మూడు తరంగాలు వస్తాయని, గేదెలో రెండు తరంగాల చక్రమే ఎక్కువగా కనిపిస్తుందని తెలియడం ఈ వరుస కొలతల ఫలితమే.

యంత్రం నిజానికి దూరాన్ని కొలవదు, కాలాన్ని కొలుస్తుంది. ప్రోబ్ నుండి వెలువడిన శబ్ద తరంగం కణజాలాన్ని తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని, మృదు కణజాలంలో శబ్ద వేగం సెకనుకు 1540 మీటర్లు అనే ఊహతో దూరంగా మారుస్తుంది. ఈ ఊహ అన్ని కణజాలాలకు సమానంగా వర్తించదు. కొవ్వులో శబ్ద వేగం సుమారు 1450 మీటర్లు. అంటే కొవ్వు పొర మందాన్ని యంత్రం సుమారు 6 శాతం ఎక్కువ చేసి చూపుతుంది. అండాశయం విషయంలో ఈ దోషం చిన్నది. గొర్రెల వీపు కొవ్వు కొలిచే పనిలో దీనిని లెక్కలోకి తీసుకోవలసిందే.

ఎంత సూక్ష్మమైన తేడాను చూడగలం అనేది తరంగదైర్ఘ్యంపై ఆధారపడుతుంది. 3.5 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌లో తరంగదైర్ఘ్యం 0.44 మి.మీ., 5 మెగాహెర్ట్జ్‌లో 0.31 మి.మీ., 7.5 మెగాహెర్ట్జ్‌లో 0.21 మి.మీ. పౌనఃపున్యం పెరిగిన కొద్దీ స్పష్టత పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. పురీషనాళం ద్వారా చూసేటప్పుడు అండాశయం ప్రోబ్‌కు కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది కనుక 5 నుండి 7.5 మెగాహెర్ట్జ్ ప్రోబ్ తగినది. కిరణం వెళ్ళే దిశలో స్పష్టత అడ్డ దిశలో కన్నా మెరుగ్గా ఉంటుంది. అందువల్ల ఒకే అండపుటికలో నిలువు కొలత, అడ్డ కొలత రెండూ ఒకే స్థాయిలో నమ్మదగినవి కావు. రెండు వ్యాసాలను లంబంగా తీసి సగటు రాయడం ఆచారంగా వస్తున్నది; అయితే ఆ సగటులో ఒక భాగం రెండవ దానికన్నా బలహీనమైనదని గుర్తుంచుకోవాలి.

అల్ట్రాసౌండ్ కొలతలో దోషాలు

దోషాలలో మొదటిది, తరచుగా ఎవరూ ప్రస్తావించనిది, కోత తలం. తెరపై కనిపించేది అవయవం కాదు, దాని ఒక పలుచని కోత. 12 మి.మీ. వ్యాసం గల గోళాకార అండపుటికను సరిగ్గా మధ్యలో కాక 3 మి.మీ. పక్కగా కోసిన తలంలో చూస్తే వ్యాసం 10.4 మి.మీ.గా కనిపిస్తుంది. ఈ దోషం ఎప్పుడూ తక్కువ వైపుకే ఉంటుంది కనుక ఎక్కువ సార్లు కొలిచి సగటు తీసినంత మాత్రాన పోదు. ప్రోబ్‌ను నెమ్మదిగా అటు ఇటు తిప్పుతూ పుటిక గరిష్ఠంగా కనిపించిన చోట చిత్రాన్ని నిలిపి కొలవడమే దీనికి పరిష్కారం. కార్పస్ లూటియం వంటి కోలాకార నిర్మాణాలలో ఏటవాలు తలం దీనికి విరుద్ధంగా అడ్డ కొలతను పెంచి చూపవచ్చు.

రెండవది, క్యాలిపర్ గుర్తు పెట్టే స్థానం. అండపుటికలో ద్రవం నల్లగా, గోడ తెల్లగా కనిపిస్తుంది. లోపలి అంచు నుండి లోపలి అంచు వరకు కొలిస్తే పుటిక కుహరం కొలత వస్తుంది. బయటి అంచుల మధ్య కొలిస్తే గోడ మందం రెండు వైపులా కలుస్తుంది. ఏది కొలిచినా తప్పు కాదు, కాని ఏది కొలిచినదీ రాయకపోవడం తప్పే. ఆధిపత్య పుటిక మిగిలినవాటి నుండి విడిపోయే దశ విదేశీ పాడి ఆవులలో సుమారు 8.5 మి.మీ. వద్ద వస్తుందని, జెబు జాతులలో అంతకన్నా చిన్న పరిమాణంలోనే వస్తుందని చెప్పబడుతున్నది. ఇటువంటి సన్నని హద్దుల వద్ద గోడను కలిపారా లేదా అన్నది ఒక జాతి లక్షణంగా పొరబడే అవకాశం ఉన్నది.

మూడవది గెయిన్. తెర వెలుగును పెంచిన కొద్దీ గోడల తెల్లని ప్రతిధ్వని లోపలికి పాకి, ద్రవం నిండిన పుటిక చిన్నదిగా కనిపిస్తుంది. ఎండలో పాకల దగ్గర పరీక్ష చేసేటప్పుడు తెర కనిపించక గెయిన్ పెంచడం సహజం. నీడలో కొలిచిన పశువును, ఎండలో కొలిచిన పశువును ఒకే పట్టికలో పోల్చడం ఇందువల్లనే సమంజసం కాదు. నల్లని గుడ్డతో తెరకు చాటు కల్పించడం ఖర్చు లేని ఉపాయం.

వీటికి తోడు ప్రోబ్ ఒత్తిడి. మెత్తని పుటిక ఒత్తిడికి చదునవుతుంది. కిరణ దిశలో కొలత తగ్గి, అడ్డ దిశలో పెరుగుతుంది. తెరపై పుటిక అండాకారంలో కనిపించినప్పుడు చేతి ఒత్తిడిని సడలించి మళ్ళీ చూడవలసి ఉంటుంది.

మూడు కొలతల నుండి ఘనపరిమాణం

పొడవు, వెడల్పు, లోతు తెలిసినప్పుడు అవయవాన్ని దీర్ఘవృత్తజంగా భావించి మూడింటి లబ్ధాన్ని 0.523తో గుణించడం అన్ని ప్రతిబింబ పద్ధతులలోనూ వాడుకలో ఉన్నది. ఈ గుణకం పై విలువను ఆరుతో భాగించగా వచ్చినది. అండాశయం 26, 18, 14 మి.మీ. కొలతలు కలిగి ఉంటే ఘనపరిమాణం సుమారు 3.4 మి.లీ. అవుతుంది. ప్రతి కొలతలోనూ కేవలం 2 మి.మీ. ఎక్కువ పడితే అది 4.7 మి.లీ. అవుతుంది. తెరపై కంటికి ఆనని పొరపాటు లెక్కలో 37 శాతం పెరుగుదలగా మారుతుంది. ఒక ఖనిజ మిశ్రమమో, ఒక హార్మోను చికిత్సో అండాశయాన్ని పెంచినదని చెప్పే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవడం అవసరం.

గుణకం ఎంపిక కూడా అంతే ముఖ్యమైనది. వృషణాల ఘనపరిమాణానికి కొందరు 0.523కు బదులుగా 0.71 వాడతారు. ఒకే మూడు కొలతలకు ఈ రెండు గుణకాలు ఇచ్చే ఫలితాల మధ్య తేడా సుమారు 36 శాతం. రెండు ప్రయోగాల ఆంబోతులను పోల్చే విద్యార్థి ముందుగా రెండు పత్రాలలో వాడిన గుణకాన్ని చూడాలి. జాతి తేడా అనుకున్నది గుణకం తేడా మాత్రమే కావచ్చు.

కార్పస్ లూటియంలో మరొక చిక్కు ఉన్నది. కొన్నింటి మధ్యలో ద్రవం నిండిన కుహరం ఉంటుంది. అది వ్యాధి కాదు. కాని ప్రొజెస్టరోన్‌ను తయారుచేసేది చుట్టూ ఉన్న కణజాలం కనుక కుహరం ఘనపరిమాణాన్ని తీసివేయాలి. 22 మి.మీ. వ్యాసం గల కార్పస్ లూటియం ఘనపరిమాణం సుమారు 5.6 మి.లీ. అందులో 8 మి.మీ. కుహరం ఉంటే తీసివేయవలసినది 0.3 మి.లీ. లోపే, పట్టించుకోకపోయినా పెద్దగా తేడా రాదు. కుహరం 14 మి.మీ. ఉంటే 1.4 మి.లీ., అంటే మొత్తంలో నాలుగవ వంతు పోతుంది.

పరిమాణం సరిగ్గా తెలిసినా పనితీరు తెలిసినట్లు కాదు. కార్పస్ లూటియం పెరిగే దశలో దాని పరిమాణం, రక్తంలోని ప్రొజెస్టరోన్ స్థాయి చాలావరకు కలిసి నడుస్తాయి. క్షీణించే దశలో ప్రొజెస్టరోన్ ముందుగా పడిపోతుంది, పరిమాణం ఆలస్యంగా తగ్గుతుంది. ఆ మధ్య కాలంలో స్కానింగ్ చేసిన పశువులో పెద్ద కార్పస్ లూటియం కనిపించినా అది పనిచేయనిదై ఉంటుంది. డాప్లర్ పద్ధతిలో రక్త ప్రవాహాన్ని చూడగలిగితే ఈ తేడా తెలుస్తుంది. లేనప్పుడు ఒక్క పరీక్షతో తేల్చక, కొద్ది రోజుల తరువాత మళ్ళీ చూడడం మేలు. ప్రోస్టాగ్లాండిన్ విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ఎద తరువాత మొదటి 5 రోజులలో కార్పస్ లూటియం కనిపించినా అది మందుకు సరిగా స్పందించదు.

గర్భంలోని పిండం కొలత

గర్భాశయంలో ద్రవం, పిండం, గుండె కొట్టుకోవడం చూసి సుమారు 28 నుండి 30 రోజులకే చూడి నిర్ధారణ చేయవచ్చు. చేతి పరీక్షకు సాధారణంగా 45 నుండి 60 రోజులు ఆగవలసి వస్తుంది. తల నుండి తోక మొదలు వరకు పిండం పొడవు ఆవులో 30 రోజుల వద్ద ఒక సెంటీమీటరు ప్రాంతంలోనూ, 60 రోజుల వద్ద 6 నుండి 7 సెంటీమీటర్ల ప్రాంతంలోనూ ఉంటుంది. అంటే ఈ నెలలో రోజుకు సగటున 2 మి.మీ.కు కొంచెం తక్కువగా పెరుగుతుంది. 2 మి.మీ. కొలత దోషం ఒక రోజు వయసు దోషంతో సమానం. కృత్రిమ గర్భధారణ తేదీ రైతుకు గుర్తులేనప్పుడు, లేదా గర్భధారణ చేయించిన తరువాత మందలోని దున్నపోతు కూడా దాటినట్లు అనుమానం ఉన్నప్పుడు ఈ లెక్క ఉపయోగపడుతుంది. నెలలు గడిచిన కొద్దీ పిండం మొత్తం తెరపై పట్టదు, గర్భాశయం పొత్తికడుపులోకి దిగిపోతుంది. అప్పుడు తల వెడల్పు వంటి భాగాల కొలతలపై ఆధారపడవలసి వస్తుంది, వయసు అంచనాలో తేడా కూడా పెరుగుతుంది.

ఎక్స్-రే

పెద్ద పశువు పొట్టలోని మృదు అవయవాలను ఎక్స్-రేతో కొలవడం ఆచరణలో కుదరదు. కుక్కలు, పిల్లులలో మాత్రం గుండె, మూత్రపిండాల పరిమాణానికి ఇది నేటికీ అందుబాటులో ఉన్న పద్ధతి. ఇక్కడి ప్రధాన దోషం నీడ పెరగడం. కిరణాలు ఒక బిందువు నుండి విప్పారుతూ వస్తాయి కనుక ఫిల్ముకు దూరంగా ఉన్న అవయవం పెద్దదిగా పడుతుంది. గొట్టం నుండి ఫిల్ము వరకు 100 సెం.మీ. దూరం ఉండి, అవయవం ఫిల్ముకు 5 సెం.మీ. ఎత్తున ఉంటే 5 శాతం, 20 సెం.మీ. ఎత్తున ఉంటే 25 శాతం పెద్దదిగా కనిపిస్తుంది.

దీనికి కనుగొన్న పరిష్కారం సులువైనది. అవయవాన్ని స్కేలుతో కాక, అదే ఫిల్ముపై పడిన ఆ పశువు ఎముకతో కొలవడం. 1995లో బుకానన్, బ్యూషెలర్ ప్రతిపాదించిన వెన్నుపూస గుండె కొలత ఇటువంటిదే. గుండె పొడవు, వెడల్పులను నాల్గవ వక్ష వెన్నుపూస నుండి మొదలుపెట్టి ఎన్ని వెన్నుపూసలకు సమానమో లెక్కించి కలుపుతారు. వారు పరిశీలించిన 100 ఆరోగ్యకరమైన కుక్కలలో సగటు 9.7, ప్రామాణిక విచలనం 0.5. గుండె, వెన్నెముక దాదాపు ఒకే స్థాయిలో పెరిగి కనిపిస్తాయి కనుక దోషం చాలావరకు రద్దవుతుంది. కుక్క మూత్రపిండం పొడవు రెండవ కటి వెన్నుపూసకు 2.5 నుండి 3.5 రెట్లు ఉండాలనే నియమం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. జాతిని బట్టి గుండె సగటు మారుతుంది కనుక ఒకే హద్దును అన్ని కుక్కలకూ అంటగట్టరాదు.

సి.టి., ఎం.ఆర్.ఐ.

మనిషిపై తొలి సి.టి. స్కాన్ 1971లో లండన్‌లో జరిగింది. ఈ పద్ధతిలో అవయవం ఆకారాన్ని ఊహించవలసిన పని లేదు. వరుస కోతలలో అవయవం వైశాల్యాన్ని కొలిచి, కోతల మధ్య దూరంతో గుణించి కూడితే ఘనపరిమాణం వస్తుంది. 17వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త కవాలియేరి పేరుతో ఉన్న సూత్రమే ఇది. ఉదాహరణకు గొర్రె కాలేయం 1 సెం.మీ. ఎడంగా తీసిన కోతలలో మొత్తం వైశాల్యం 640 చదరపు సెంటీమీటర్లు అయితే ఘనపరిమాణం 640 మి.లీ. అవుతుంది. నీటికి సున్న, గాలికి మైనస్ 1000గా తీసుకొన్న హౌన్స్‌ఫీల్డ్ మాపకంపై కొవ్వు సుమారు మైనస్ 100 వద్ద, కండరం సుమారు 50 వద్ద ఉంటాయి కనుక ఒకే స్కాన్ నుండి మాంసం, కొవ్వు, ఎముకలను వేరుచేసి లెక్కించవచ్చు. బ్రిటన్‌లో మాంసపు గొర్రె పొట్టేళ్ళ ఎంపికకు, నార్వేలో మగ పందుల ఎంపికకు ఈ పద్ధతిని వాడుతున్నారు.

సి.టి. అంకెను కూడా పూర్తి సత్యంగా తీసుకోరాదు. అవయవం అంచున ఉన్న ఘనకణంలో సగం కాలేయం, సగం కొవ్వు ఉంటే యంత్రం రెండింటి సగటును చూపుతుంది. కోతలు మందంగా ఉన్న కొద్దీ ఇటువంటి అంచు కణాలు పెరుగుతాయి. శ్వాస కదలిక మరొక కారణం. మత్తు మందు ప్రభావం కొన్నిసార్లు అన్నింటికన్నా పెద్దది. కుక్కకు ఎసిప్రొమజైన్ ఇస్తే ప్లీహంలో రక్తం నిలిచి అది స్పష్టంగా ఉబ్బుతుంది. దానిని రోగంగా చదవడం తప్పు. ఎం.ఆర్.ఐ.లో మృదు కణజాలాల మధ్య భేదం మరింత చక్కగా కనిపిస్తుంది, రేడియేషన్ ఉండదు. కాని సమయం, ఖర్చు, మత్తు అవసరం వల్ల పాడి పశువులలో అది పరిశోధనకే పరిమితం.

మాంసపు జీవాలలో కండర కొలత

12, 13వ పక్కటెముకల మధ్య వీపు కండరం లోతును, వైశాల్యాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి, కోయకుండానే మాంసం దిగుబడిని అంచనా వేయడం గొర్రెలలో, పశువులలో వాడుకలో ఉన్నది. ఉన్ని గొర్రెలలో ఆ చోట ఉన్ని కత్తిరించి జెల్ రాయాలి. నెల్లూరు గొర్రె జూలు తక్కువ గల వెంట్రుకల జాతి కనుక ఈ పని సులువు. దక్కని గొర్రెలో ఉన్ని కత్తిరించక తప్పదు. రెండు జాతులను పోల్చేవారు ప్రోబ్‌కు చర్మం ఒకే విధంగా అంటుకొనేట్లు చూడకపోతే తేడాలో కొంత భాగం ఉన్నిదే అవుతుంది.

రెండు పద్ధతులను పోల్చడం

పరిశోధన పత్రాలలో తరచుగా కనిపించే లోపం ఇక్కడ ఉన్నది. అల్ట్రాసౌండ్ కొలతకు, కోసిన తరువాత వెర్నియర్‌తో తీసిన కొలతకు సహసంబంధ గుణకం 0.95 వచ్చిందని, కాబట్టి రెండూ ఒకటేనని రాయడం పరిపాటి అయింది. ప్రతి పుటికనూ సరిగ్గా 3 మి.మీ. ఎక్కువగా చూపే యంత్రానికి కూడా సహసంబంధం 1 వస్తుంది. సహసంబంధం రెండు కొలతలు కలిసి పెరుగుతున్నాయని చెబుతుంది, రెండూ సమానమని చెప్పదు.

1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ లాన్సెట్ పత్రికలో చూపిన మార్గం సరళమైనది. ప్రతి అవయవానికి రెండు పద్ధతుల తేడాను లెక్కించి, ఆ తేడాల సగటును, ప్రామాణిక విచలనాన్ని చూడాలి. ఊహకు తేడాల సగటు 1.2 మి.మీ., విచలనం 0.9 మి.మీ. అనుకొంటే, సుమారు 95 శాతం తేడాలు మైనస్ 0.6 నుండి 3.0 మి.మీ. మధ్య పడతాయి. ఈ వెడల్పు ఒప్పుకోదగినదా అన్నది గణాంకశాస్త్రం చెప్పదు, పశువైద్యుడే చెప్పాలి. అండాశయం మొత్తం పొడవుకైతే పరవాలేదు. 8, 10 మి.మీ. పుటికల మధ్య తేడా చూపవలసిన ప్రయోగానికి పనికిరాదు.

దీనికన్నా ముందుగా జరగవలసినది ఒకే వ్యక్తి ఒకే పశువును రెండుసార్లు కొలిచి, తన తేడాను తాను తెలుసుకోవడం. రెండవసారి కొలిచేటప్పుడు మొదటి అంకె కనిపించకూడదు. తన చేతిలోనే 2 మి.మీ. తేడా వచ్చే పరిశీలకుడు రెండు చికిత్సల మధ్య 1 మి.మీ. తేడాపై వాదించడంలో అర్థం లేదు.

విద్యార్థుల శిక్షణకు ఒక ప్రయోగం

కబేళా నుండి సేకరించిన గేదె అండాశయాలతో ఈ అభ్యాసం ఏ కళాశాలలోనైనా జరపవచ్చు. అండాశయాన్ని చల్లని సెలైన్‌లో తెచ్చి, నీటి తొట్టెలో దారంతో వేలాడదీసి, ప్రోబ్‌తో మూడు దిశలలో కొలవాలి. తరువాత కొలజాడీలో ముంచి పెరిగిన నీటి మట్టం ద్వారా అసలు ఘనపరిమాణం తెలుసుకోవాలి. చివరగా కోసి, పుటికలను, కార్పస్ లూటియాన్ని వెర్నియర్‌తో కొలవాలి. కోసిన వెంటనే పుటికలోని ద్రవం కారిపోయి గోడ ముడుచుకొంటుంది కనుక వెర్నియర్ కొలతే పరమ సత్యం అనుకోరాదు. వీలైతే అండాశయాన్ని గడ్డకట్టించి కోయడం మంచిది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటిలో శబ్ద వేగం 1482 మీటర్లు మాత్రమే. 1540 మీటర్లకు అమర్చిన యంత్రం నీటిలోని దూరాన్ని సుమారు 4 శాతం ఎక్కువ చూపుతుంది. నీటిలో ఎడంగా బిగించిన రెండు దారాల మధ్య దూరాన్ని ముందుగా కొలిస్తే ఈ తేడా విద్యార్థి కళ్ళారా చూస్తాడు.

ఈ అభ్యాసంలో ప్రతి విద్యార్థి ఇరవై అండాశయాలనైనా, ఇతరుల అంకెలు చూడకుండా, రెండుసార్లు కొలవాలి. మొదటి రోజు తేడాలు పెద్దవిగా వస్తాయి. అందుకు సిగ్గుపడి అంకెలు సరిచేసే అలవాటును ఆ రోజే మాన్పించాలి.

క్షేత్రస్థాయి నమోదు

విస్తరణ శాస్త్రవేత్తలు నిర్వహించే గర్భకోశ వ్యాధి చికిత్సా శిబిరాలలో స్కానింగ్ యంత్రం ఉన్నచోట పశువు చెవి పోగు సంఖ్య, ఈనిన తేదీ, చివరి ఎద తేదీలతో పాటు ప్రోబ్ పౌనఃపున్యం, కొలిచిన వ్యక్తి, ఏ అండాశయం, క్యాలిపర్ లోపలి అంచునా బయటి అంచునా అన్నవి ఒకే వరుసలో రాయవలెను. మొదట గర్భాశయాన్ని రెండు కొమ్ముల చివరి వరకు చూసి, చూడి లేదని తేలిన తరువాతనే అండాశయం వైపు వెళ్ళాలి. ఈ క్రమం తప్పరాదు. దాటిన తేదీ తెలియని గేదెలో 30 రోజుల లోపు గర్భం కంటపడకపోవచ్చు కనుక, అనుమానం ఉన్న పశువుకు ప్రోస్టాగ్లాండిన్ ఇవ్వక రెండు మూడు వారాల తరువాతి తేదీ రాసి రైతు చేతికి చీటీ ఇవ్వాలి. యంత్రం లేనిచోట 10, 11 రోజుల ఎడంతో రెండుసార్లు చేతి పరీక్ష జరిపి రెండు అండాశయాలలో వచ్చిన మార్పును పోల్చి చూడడం, ఒక్క పరీక్షతో నిద్రాణ అండాశయమని రాయడం కన్నా మేలైన పద్ధతి.